ఇంటిపట్టున ఉడకండి

ఎండాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో మామిడిపండ్ల కంటే ముందు అధికారుల సలహా దిగుతుంది: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రావద్దు, ఇంటిపట్టునే ఉండండి. సలహాలో తప్పు పట్టడానికేమీ లేదు. ఇల్లు బయటికంటే చల్లగా ఉంటుందన్న చిన్న నమ్మకం తప్ప. నాలుగు గోడల మీద సిమెంటు రేకులు పరిచి, కిటికీ పేరుతో జానెడు కంత వదిలిన గదికి ఆ నమ్మకం సంగతి తెలియదు. అక్కడ మిట్టమధ్యాహ్నం రేకు మీద చెంబెడు నీళ్లు పోస్తే చుయ్‌మంటాయి, ఆరిపోతాయి. ఆ రేకు కింద ఉండేదెవరు? పనికి వెళ్లలేని ముసలివాళ్లు, బాలింతలు, ఇంట్లోనే లక్క గాజులు చేసే ఆడవాళ్లు. గాజుల పనికి బొగ్గుల కుంపటి కావాలి. ఫ్యాను తిప్పితే బూడిద లేస్తుంది, తిప్పకపోతే ప్రాణం లేస్తుంది. సందు చివర వేపచెట్టు ఉంటే జనం దాని కిందికి చేరతారు. అంటే ప్రభుత్వ సలహాను ధిక్కరించి బతుకుతున్నారన్నమాట.

సర్కారుకు ఈ సంగతి తెలియదనుకుంటే పాపం. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. పరీక్ష పాసయింది. 2023లో రాష్ట్రమంతటికీ కూల్ రూఫ్ విధానం కూడా వచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు చల్లటి కప్పు తప్పనిసరి. నివాసాల్లో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకు తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం. పరీక్ష బస్తీ రాసింది, మార్కులు బంగళాకు పడ్డాయి. ఆరు వందల గజాల ఆసామి ఏసీ వేసుకుని చల్లబడగలడు కనుక కప్పుతోనూ చల్లబడాలట. అరవై గజాలవాడికి మాత్రం స్వేచ్ఛ.

పేదల మీద ఖర్చు రుద్దకూడదనే ఆ వెసులుబాటు ఇచ్చామని సమాధానం వస్తుంది. మంచి మనసే. కానీ ఆ ఐచ్ఛికం ఎవరి ఇచ్ఛ? కప్పు కిరాయిదారుది కాదు, ఓనరుది. ఓనరు కింద స్లాబు ఇంట్లో ఉంటాడు, పైన రేకుల గది కిరాయికిస్తాడు. నిజానికి ఆ గది అతని స్లాబుకు గొడుగు. పైవాడు ఉడుకుతుంటే కిందివాడికి నీడ, దాని మీద నెలనెలా కిరాయి! తన గొడుగుకు సొంత ఖర్చుతో సున్నం కొట్టించే ఓనరు ఎక్కడైనా ఉంటే చెప్పండి, సన్మానం చేద్దాం. భారం వేయకూడదనుకుంటే చేయవలసింది సున్నం ఖర్చు సర్కారు భరించడం. నియమం నుంచి మినహాయించి చేతులు కడుక్కోవడం కాదు.

ఉచిత కరెంటు ఇస్తున్నాం కదా అన్నది రెండో జవాబు. నిజమే, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. చలికాలంలో అది వరమే, కాదనను. ఎండాకాలం లెక్క చూడండి. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 90 యూనిట్లు. 180 వాట్ల కూలర్ 12 గంటలకు 65. చిన్న ఫ్రిజ్‌కు ఓ 30. ఇక బల్బులు, టీవీ, మిక్సీ. గీత దాటడానికి రెండు ఉక్కరాత్రులు చాలు. దాటితే ఆ ఒక్క యూనిట్‌కు కట్టి ఊరుకుంటే కుదరదు. మొదటి 200కూ యూనిట్‌కు 5 రూపాయల 10 పైసల చొప్పున కట్టాలి. 201వ యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాట. హైదరాబాద్‌లో ఇంత ఖరీదైన కరెంటు ఏ బంజారాహిల్స్ ఏసీకీ పడదు. ఒకే మీటరుకు నలుగురు కిరాయిదారులను తగిలించి సబ్ మీటర్లు పెట్టిన చోట ఈ బాధే లేదు. మొదటి వారంలోనో రెండో వారంలోనో గీత దాటిపోతుంది, ఓనరు చెప్పిందే రేటు.

కూలరూ ఫ్రిజ్జూ ఉంటే పేదలెలా అవుతారని అడిగే పెద్దమనుషులున్నారు. గది 40 డిగ్రీలు దాటాక ఫ్యాను గాలి ఒంటిని మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరిస్తోంది. అంటే పేదరికం రుజువు చేసుకోవడానికి ఆ వేడిగాలే పీల్చుతూ కూర్చోవాలన్నమాట. రేకు వేడిని కరెంటుతో తరిమే పని ఉన్నంతకాలం 200 కాదు, 300 ఇచ్చినా ఆ యూనిట్లు తాగేది రేకే. ఒక కోటు సున్నంతో తగ్గే వేడికి ఏటేటా సబ్సిడీ కరెంటు పోయడం, చిల్లికుండకు మూత చేయించడం లాంటిది.

పైగా వేడికి అధికారుల టైమ్‌టేబుల్ తెలియదు. పగలంతా తాగిన ఎండను గోడలు రాత్రి కక్కుతాయి. దొంగల భయంతో తలుపు మూస్తే గాలి ఆడదు. కూలర్ వేద్దామంటే మీటరు గుర్తొస్తుంది. రాత్రి రెండింటికి ఆ గదిలోని వాళ్లు బయటి మెట్ల మీద బకెట్ నీళ్లు చల్లి, చాప పరుచుకుని పడుకుంటారు. చంటిపిల్లకు పైటకొంగుతో విసురుతూ తల్లి మేలుకునే ఉంటుంది. జాగ్రత్తలు చెప్పిన సలహా గడువు మధ్యాహ్నం మూడింటికే ముగిసింది.