ట్రెడ్‌మిల్ తేటగీతి: టీకా, తాత్పర్యం

మూలం

పట్టె యొక్కటి వాలున, పదియు రెండు
వేగమున వేయి మీటర్లు వేడ్క నురికి
నడుమ రెండు నిమిషములు నడచి, యిట్టు
లైదు మారులు చేసియు నచటె యుండు.

అవతారిక

మారథాన్‌కు పేరిచ్చిన సాధకుడొకడు వానకు రోడ్డెక్కలేక జిమ్‌లో చేరి, ట్రెడ్‌మిల్ మీద టీవీ చూస్తూ గంటసేపు జాగింగ్ చేయడం కవి కంటపడింది. అది కాలక్షేపమే కాని కసరత్తు కాదని బోధించదలచి, కోచ్‌లు చెప్పే ఇంటర్వల్ వర్కౌట్‌ను తేటగీతిలో బిగించాడు. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే మూలకర్త అని గిట్టనివాళ్లు అంటారు. ఆ మాట ఉపేక్షిద్దాం. పద్యానికి మంగళాచరణం లేదు, అంటే వార్మప్ లేదు. పది నిమిషాల నెమ్మది పరుగు సంప్రదాయసిద్ధం కనుక వేరే చెప్పలేదని సమర్థించవచ్చు. బిగుసుకున్న పిక్కలు మాత్రం ఈ సమర్థనను ఒప్పుకోవు.

ప్రతిపదార్థం

పట్టె = ట్రెడ్‌మిల్ బెల్టు; ఒక్కటి వాలునన్ = ఒక శాతం ఇంక్లైన్‌లో ఉండగా; పదియు రెండు వేగమునన్ = గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో (‘కిలోమీటర్లు’ అధ్యాహారం); వేయి మీటర్లు = ఒక కిలోమీటరు; వేడ్కన్ = ఉత్సాహంతో (దీనిపై చర్చ ఉంది); ఉరికి = పరుగెత్తి; నడుమన్ = రెండు పరుగుల మధ్య; రెండు నిమిషములు నడచి = స్పష్టం; ఇట్టులు = ఈ విధంగా; ఐదు మారులు చేసియున్ = అయిదుసార్లు చేసి కూడా; అచటె = ఎక్కిన చోటనే; ఉండు = ఉండును.

తాత్పర్యం

అయిదు కిలోమీటర్లు పరుగెత్తినవాడు అంగుళం కదలడు.

విశేషాలు

‘పదియు రెండు’: పన్నెండు మీద కిలోమీటరుకు అయిదు నిమిషాలు పడుతుంది. లెక్క సులువు కావాలనే కవి ఈ అంకె ఎంచుకున్నాడు. డాలస్, న్యూజెర్సీ వైపు మన వాళ్లు ఈ పాదాన్ని జాగ్రత్తగా చదవాలి. అక్కడి యంత్రాలు మైళ్లలో మాట్లాడతాయి. పన్నెండు నొక్కితే మైలుకు అయిదు నిమిషాలు, అంటే కిలోమీటరుకు మూడు నిమిషాల ఆరు సెకన్లు. మామూలు సాధకుణ్ని పట్టె వెనక్కి విసిరేస్తుంది. వారికి ‘ఏడున్నర’ అన్న పాఠాంతరం సూచిస్తున్నాను. గణం చెడుతుంది, కాలు చెడదు.

‘వేగమున’: ఈ వేగం మొదలయ్యేదెప్పుడు? నడకలో ఉన్నవాడు పన్నెండు నొక్కగానే పట్టె పన్నెండు కాదు. మోటారు తీరిగ్గా ఒక్కో మెట్టే ఎక్కుతుంది. ఈ జాప్యం భరించలేని కొందరు పట్టెను తిరగనిచ్చి, అంచుల మీద చెరో కాలు వేసి నిలబడి విశ్రాంతి తీసుకుంటారు. యంత్రం లెక్కపెట్టేది పట్టె తిరుగుళ్లనే, మనిషి అడుగులను కాదు. కనుక నిలబడ్డవాడి ఖాతాలోనూ మీటర్లు జమ అవుతాయి. మూలంలో ‘నడచి’ అన్న క్త్వార్థకం ఈ దొంగ జమను నిషేధిస్తోంది.

‘ఒక్కటి వాలున’: ట్రెడ్‌మిల్ మీద మనిషి గాలిని చీల్చుకుంటూ పోడు, ఆ మేరకు శ్రమ తగ్గుతుంది. 1996లో ఆండ్రూ జోన్స్, జోనథన్ డౌస్ట్ దీన్ని కొలిచి, గంటకు సుమారు 10.5 నుంచి 18 కిలోమీటర్ల వేగాల్లో ఒక శాతం వాలు పెడితే ఆరుబయటి శ్రమకు సరిపోతుందని తేల్చారు. పన్నెండు ఆ హద్దులోనిదే. కవికి శాస్త్రజ్ఞానం ఉంది. ఎనిమిదితో పోయేవారికి ఈ నియమం వర్తించదు, ఆ వేగంలో గాలి అడ్డు లెక్కలోకి రాదు. అయితే హైదరాబాద్ మారథాన్ దారిలోని ఫ్లైఓవర్లకు ఈ ఒక్క శాతం ఏ మూలకూ చాలదు. పైగా ఫ్లైఓవర్ ఎక్కితే దిగాలి; తొడలను అసలు విరిచేది ఆ దిగుడే. చాలా ట్రెడ్‌మిల్‌లకు కిందికి వాలడం రాదు. ఇది యంత్రలోపమే, కవిలోపం కాదు.

‘వేడ్కన్’: మొదటి కిలోమీటరుకు పొసగుతుంది. రెండోదానికి లాక్కురావచ్చు. నాలుగోదాంట్లో వేడ్క ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. రెండో పాదంలో యతి కోసం తెచ్చిన పదమని నా అభిప్రాయం.

‘నడుమ’: అయిదో పరుగు తర్వాత కూడా రెండు నిమిషాల నడక ఉందా అని పూర్వపక్షం. లేదు. అయిదింటి నడుమ ఖాళీలు నాలుగే. పరుగు ఇరవై అయిదు, నడక ఎనిమిది, వెరసి ముప్పై మూడు నిమిషాలు. ఆ తర్వాతి నడకకు కూల్‌డౌన్ అని పేరు. దాన్ని కవి వదిలేశాడు, సాధకులూ వదిలేస్తారు.

అలంకారం: కారణం పుష్కలంగా ఉన్నా కార్యం పుట్టలేదు కనుక విశేషోక్తి. ‘చేసియు’లోని ‘యు’కారం దాని ప్రాణం. ఈ అలంకారాన్ని ఇంగ్లండ్ జైళ్లు అక్షరాలా అమలు చేశాయి. 1818లో విలియం క్యూబిట్ రూపొందించిన తొక్కుడు చక్రాన్ని ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూ ఉన్నచోటే ఉండేవారు. 1898 చట్టంతో ఆ శిక్ష పోయింది. ఇప్పుడు నెలకింతని కట్టి ఎక్కుతున్నాం. మన ఆసుపత్రుల్లో గుండెకు చేసే టీఎంటీ కూడా ఈ పద్యానికి బంధువే: 1963లో రాబర్ట్ బ్రూస్ ప్రకటించిన పద్ధతిలో మూడేసి నిమిషాలకు వేగమూ వాలూ కలిసి పెరుగుతాయి. అక్కడ విశ్రాంతి పాదం లేదు.

కార్యం నిజంగా పుట్టదా? అలాస్కాలోని యాంకరేజ్‌లో డాక్టరు క్రిస్టీన్ క్లార్క్ మంచుకాలమంతా ఎక్కువగా ట్రెడ్‌మిల్ మీదే సాధన చేసి, 2000లో కొలంబియా నగరంలో జరిగిన అమెరికా ఒలింపిక్ మారథాన్ ట్రయల్స్‌ను 2 గంటల 33 నిమిషాల 31 సెకన్లలో గెలిచి సిడ్నీకి వెళ్లారు. ఆరుబయట మొదటి కిలోమీటరు ఆవేశంతో, అయిదోది ఆయాసంతో పోయేవాడికి పట్టె అయిదింటినీ ఒకే వేగంలో చేయిస్తుంది. ఈ పద్యానికున్న బలం ఇదేనని నేననుకుంటాను.

ఇక శ్రుతి స్మృతి విరోధం. వార్మప్, కూల్‌డౌన్ కలిపితే మూలం యాభై నిమిషాలు దాటుతుంది. జిమ్ గోడ మీద ‘రద్దీ వేళల్లో ఒక్కొక్కరికి 20 నిమిషాలు’ అని రాసి ఉంటుంది. విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అని మీమాంసకులు చెబుతారు. వారెవరూ టవల్ భుజాన వేసుకుని వెనకే నిలబడి వాచీ చూసుకునే మనిషిని ఎదుర్కొన్నవారు కాదు. నాలుగో కిలోమీటరు దగ్గర ఆయనకు పట్టె అప్పగించి, మిగిలినవి మర్నాడు తెల్లవారుజామున చేసుకోవాలని మా సంప్రదాయం.