తరుగు లేని వజ్రం

2024 ఆగస్టు. సూరత్‌లో కిరణ్ జెమ్స్ అంతటి వజ్రాల కంపెనీయే 50 వేల మందికి పది రోజులు సెలవిచ్చిన నెల. ఇక వరాఛా సందుల్లోని చిన్న కార్ఖానాల సంగతి చెప్పేదేముంది. ఒక కార్ఖానాలో అప్పటికే పీసు రేటు రెండుసార్లు తగ్గింది.

లింబాయత్ నుంచి వచ్చే తెలుగు కార్మికుడు సాన పట్టే ఘంటీ ఆపి శేఠ్ గదిలోకి వెళ్లాడు. తాత, తండ్రి మగ్గం మీద బతికినవాళ్లు. ఆ ఇంట్లో సాన పట్టింది ఇతనొక్కడే.

"శేఠ్, అయిదు వేలు అడ్వాన్సు కావాలి. అద్దె కట్టాలి."

"మొన్న ఇచ్చిందేమైంది?"

"మా పిల్లాడు వజ్రాలు కొన్నాడు."

శేఠ్ కంటి దగ్గరి భూతద్దం దించాడు. కార్మికుడు ఫోన్ చూపించాడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆట. తెర మీద చిన్న వజ్రం బొమ్మ, పక్కన సున్నా.

వంద వజ్రాలు 80 రూపాయలు. వాటితో చక్రం తిప్పాలి. మొదటిసారి 9 వజ్రాలు, తర్వాత 19, ఆ తర్వాత 39. తిప్పినకొద్దీ రేటు పెరుగుతుంది. ఆఖరిసారికి 499. తగిలితే ఆటలో బొమ్మకి కొత్త బట్టలు.

శేఠ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ముడిరాయి ఎక్కడిది?"

"రాయే లేదు శేఠ్."

"తరుగు?"

"లేదు."

"సాన కూలి?"

"లేదు."

"తిరిగి అమ్మితే?"

"కొనరు."

"ఎన్ని తయారవుతాయి?"

"ఎన్ని అడిగితే అన్ని."

"మరి రేటు పడిపోలేదా?"

"లేదు శేఠ్."

శేఠ్ కాసేపు మాట్లాడలేదు. ల్యాబ్ వజ్రాలు వచ్చిపడ్డాక ధరలు ఎలా కూలాయో కళ్లారా చూసినవాడు. తన ఫోన్ తీసి ఏదో వెతికాడు. ఆట సింగపూర్ వాళ్లది. 2017 నుంచి వాళ్ల షేరు న్యూయార్క్‌లో నడుస్తోంది.

సొరుగు లాగి డబ్బు తీశాడు. అయిదు కాదు, పది వేలు లెక్కపెట్టాడు.

కార్మికుడికి గొంతు పూడుకుపోయింది. "వాణ్ణి చితకబాదాను శేఠ్. ఇక జన్మలో ఆడడు."

"పిల్లాణ్ణి కొడతారా ఎవరైనా! రేపు నాతో మాట్లాడించు."

"మీరు చెబితే వింటాడు శేఠ్."

"చెప్పడానికి కాదు. ఆట ఇంకా మొదలుపెట్టని పిల్లలు మీ వీధిలో ఎంతమంది మిగిలారో అడగాలి. షేరు ఆ తర్వాతే కొంటాను."