సర్కారు వేదికెక్కే కవికి కొన్ని సూచనలు

చిలమత్తూరు కవికి వేదిక దూరం కాదు. పొరుగునే లేపాక్షి ఉంది. అక్కడ ప్రభుత్వం 2016లోనూ 2018లోనూ ఉత్సవాలు జరిపింది. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నింద పడి, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని అక్కడి కథ. వెళ్లినవాళ్లకు ఎర్ర మరకలు కూడా చూపిస్తారు. ఇప్పుడంత కష్టం అక్కర్లేదు. కళ్లు ఉంచుకోవచ్చు, చూడకుండా ఉంటే చాలు.

కరువు మీద నిరభ్యంతరంగా రాయవచ్చు. అనంతపురం కవి దాని మీద రాయకపోతేనే అనుమానిస్తారు. నేరం మాత్రం మబ్బు మీద మోపాలి. మబ్బుకు పార్టీ లేదు, పరువునష్టం దావా వేయదు. ఎండిన శనక్కాయ చేను, వట్టిపోయిన బోరు, బెంగళూరు బస్సెక్కిన కుర్రాడు, ఇంతవరకూ చప్పట్లే. పంటల బీమా, హంద్రీ-నీవా నీళ్లు అని ఎత్తుకుంటే సభాధ్యక్షులవారికి టైము గుర్తొస్తుంది.

నెలజీతం కావాలనుకుంటే తెలంగాణ వైపు చూడాలి. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఉద్యమంలో గజ్జె కట్టినవాళ్లు అందులో ఉన్నారు. పని, ప్రభుత్వ పథకాల మీద ఆటాపాటా. పేద కళాకారుడికి జీతమంటే చిన్న విషయం కాదు, వెక్కిరించడం తేలికే. పథకం అందని ఊరి పాట మాత్రం సెలవు రోజున కట్టుకోవాలి.

ధిక్కారమే కావాలనే మొండివాళ్లకూ ఒక దారుంది, దీర్ఘాయుష్షు. దిగంబర కవి నిఖిలేశ్వర్‌ను 1971లో జైల్లో పెట్టారు. కేంద్రం నిధులతో నడిచే సాహిత్య అకాడమీ ఆయన ‘అగ్నిశ్వాస’కు 2020 పురస్కారం ఇచ్చింది. అంటే సుమారు అర్ధశతాబ్దం ఓపిక పట్టాలి. ఆయనతోపాటు జైలుకెళ్లిన చెరబండరాజు 1982లోనే, నలభై నిండకుండా పోయారు. కాబట్టి ధిక్కార కవి బీపీ, షుగరు చూపించుకుంటూ ఉండాలి.

ఇచ్చిన పురస్కారాన్ని తిరిగివ్వడం మర్యాద కాదు. 2015లో దేశమంతటా రచయితలు నిరసనగా ఆ పని చేశారు, తెలుగు నుంచి కాత్యాయనీ విద్మహే ఉన్నారు. అందుకే 2023లో వి. విజయసాయిరెడ్డి అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం, రాజకీయ కారణాలతో వెనక్కివ్వబోమని రచయితల దగ్గర ముందే సంతకం తీసుకోవాలని సిఫారసు చేసింది. నిరసన తెలిపే స్వేచ్ఛ కూడా రాజ్యాంగం ఇచ్చిందేనని ఒక సభ్యుడు అన్న మాట ఆ నివేదికలో అచ్చయింది. సిఫారసు మాత్రం మారలేదు.