తళ్ళికోట దాకా పోకుండా ఆడటం ఎలా?

చరిత్రలో జరిగిన యుద్ధాలను అట్ట మీద గళ్లు గీసి, పావులతో, పాచికలతో మళ్లీ ఆడాలనుకుంటున్నారా? అయితే తేదీల వరుసలో ఆడండి. ముందు జరిగింది ముందు, వెనక జరిగింది వెనక. ఒకటి ముగిశాకే ఇంకొకటి. చూసేవాళ్లకు ఇది పెద్ద పండితుడి పద్ధతిలా కనిపిస్తుంది. దీని అసలు లాభం వేరే ఉంది.

విజయనగరం పక్షాన కూర్చున్నవాడికి 1520లో రాయచూరు దగ్గర గెలుపుంది. 1565 జనవరి 23న రక్కసతంగడి దగ్గర, అంటే మనం తళ్ళికోట అనే యుద్ధంలో, సర్వనాశనముంది. నడుమ 45 ఏళ్లున్నాయి. ఆ 1565 అంచు దాటనివాడు జన్మలో ఓడడు. పెనుకొండ ఉన్న జిల్లాలోనే పుట్టి, తనకల్లులో కూర్చొని, అళియ రామరాయల తల తెగే ఆటను కోరి ఎందుకు ఆడాలి? వరుస తప్పకండి, వరుసను ముందుకు జరగనివ్వకండి.

1. జాబితా రాయండి, ఆట ఎత్తుకోకండి.
లావుపాటి నోటు పుస్తకం తీసుకోండి. ఉదయగిరి 1514, కొండవీడు 1515, రాయచూరు 1520 అని ఎర్ర సిరాతో రాయండి. అడ్డగీతలు, నిలువుగీతలు స్కేలు పెట్టి కొట్టండి. జాబితా అయిపోవచ్చిందనిపిస్తే వెనక్కి వెళ్లండి. 1336లో విజయనగరం పుట్టకముందు 1327లో కంపిలి పడిపోయింది. అది రాయకుండా వరుస ఎలా అవుతుంది? పుస్తకం మార్చి మళ్లీ మొదలుపెట్టండి.

2. మంచి పక్షం మీరు తీసుకోండి, తీర్పు మీ అమ్మకు అప్పగించండి.
కృష్ణదేవరాయలు ఎప్పుడూ మీరే. బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా ఎప్పుడూ ఎదుటి పక్షాన కూర్చునే మీ బావే. 1824లో ప్రష్యా సైన్యం చేపట్టిన రైస్విట్జ్ యుద్ధక్రీడలో తీర్పు చెప్పడానికి మధ్యవర్తి ఉండేవాడు. మీరూ పెట్టుకోండి. మీ అమ్మను కూర్చోబెడితే బావ నోరెత్తలేడు, అత్త మాట కాదనలేడు.

3. పావుల మీద పైసా ఖర్చు పెట్టకండి.
ధర్మవరం పట్టుచీర వచ్చిన అట్టపెట్టెను విప్పి పరిస్తే అదే రణరంగం. రాయచూరు దండయాత్రకు రాయలవారి వెంట 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు నడిచాయని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ లెక్క రాశాడు. వెయ్యిమందికి ఒక చింతపిక్క చొప్పున 703 పిక్కలు కాల్బలానికే కావాలి. బావ ముందే ఎంచండి. నడుమలో లెక్క తప్పితే మొదటికి రండి, సాయంత్రం గడిచిపోతుంది. సుల్తాను సైన్యానికి మాత్రం వేయించిన శెనక్కాయలు పెట్టండి. మాటల్లో పెట్టి ఒక్కొక్కటి ఒలుచుకొని తినండి. బావ దళాలు పాచిక వేయకుండానే తగ్గిపోతాయి. పచ్చి చింతపిక్కను అతడెలాగూ కొరకలేడు.

4. ఆట ఎదురు తిరిగితే తేదీ మీద తగాదా పెట్టండి.
రాయచూరు యుద్ధం 1522లో జరిగిందని న్యూనిజ్ రాశాడు. రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో వారాన్నీ అమావాస్యనూ లెక్కగట్టి 1520 మే 19 అని తేల్చాడు. ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు. ఓడిపోయేటట్టుంటే అట్ట మీద చెయ్యి పెట్టి, "తేదీ తేలనిదే ఇది వరుసలో ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది బావా?" అనండి. బావ 1522 అంటే మీరు 1520 అనండి. అతడు 1520కి ఒప్పుకుంటే మీరు 1522కి మారండి.

5. ముట్టడిని సాగదీయండి.
ఉదయగిరిని పట్టడానికి రాయలవారికే ఏడాదికి పైగా పట్టింది. దాన్ని ఒక్క ఆదివారంలో ముగించడం ఆయనకు అవమానమని గట్టిగా చెప్పండి. వారానికి ఒక్క పాచిక చాలు.

6. ఇరుకున పడితే సంధి అడగండి.
గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ పెనుకొండను ముట్టడించినప్పుడు వెంకటపతిరాయలు సంధి మాట కదిపి, ఆ సందులో కోటలోకి తిండిగింజలు చేర్చుకున్నాడు. మీరూ "కాఫీ తాగొద్దాం పా" అని బావను లేపండి. అతడు కాఫీ తాగేలోపు పిడికెడు పిక్కలు కోటలోకి చేర్చండి. కృష్ణానదికి వరద వస్తుందన్న భయం కూడా ఆ సుల్తానును వెనక్కి నడిపించింది. మన వైపు వాన అరుదు గనక మబ్బు కనిపిస్తే చాలు, అట్ట తడుస్తుందని చెప్పి ముట్టడి ఎత్తివేయించండి. 1589 నాటి ఎత్తు 1520లో చెల్లదని బావ అంటే, వరుస యుద్ధాలకేగాని యుక్తులకు కాదని చెప్పండి.

7. వాయిదాకు కారణాలు ముందే పోగుచేసుకోండి.
విత్తనం వేసే పని, శెనక్కాయ పీకే పని, బోరు మోటారుకు కరెంటు వచ్చే వేళ, ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు, కొక్కంటి క్రాస్‌లో దిగాల్సిన చుట్టాలు. ఇవన్నీ నిజాలే గనక ఎవరూ తప్పుపట్టరు. ఒకే కారణం వరుసగా రెండుసార్లు చెప్పకండి.

8. కొనక తప్పకపోతే 1398లో ఆగే ఆట కొనండి.
అమెరికాలోని జీఎంటీ గేమ్స్ 2024లో 'విజయనగర' అనే ఆట తెచ్చింది. అందులో ఢిల్లీ సుల్తానులు, బహమనీలు, విజయనగరం అని మూడు పక్షాలు. కథ 1290 నుంచి 1398 వరకే. తళ్ళికోటకు ఇంకా 167 ఏళ్లుండగానే పెట్టె మూసేయవచ్చు. ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు చుట్టాలను మిగతా పక్షాలకు పిలవండి. ముగ్గురూ కలిసే రోజు రాదు, పెట్టె కొత్తగానే ఉంటుంది.

9. ఎంత ఆపినా 1565 వచ్చేస్తే రామరాయల తమ్ముడు తిరుమలరాయలై ఆడండి.
రామరాయల పావును బావకు ఇచ్చేయండి. మొదటి పాచికకే ధనమంతా ఏనుగుల మీదికెక్కించి, పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు దారి తీయండి. తిరుమలరాయలు అదే చేశాడు, కొన్నేళ్లకు తానే సింహాసనం ఎక్కాడు. ఓడినవాడు రామరాయలు, మీరు కాదు. పెనుకొండ గడిలో కాలు పెట్టగానే "ఆట అయిపోయింది, గెలిచాను" అని అట్ట మడిచేయండి.

10. ఎవరూ రాకపోతే సంతోషించండి.
కొన్నాళ్లకు బావ రావడం మానేస్తాడు. చుట్టాలు ఫోన్ ఎత్తరు. పిల్లలు క్రికెట్‌కు వెళ్లిపోతారు. మీరు కోరుకున్నది ఇదే. దండెత్తేవాడు లేని కోట పడిపోదు. రెండు పక్షాలూ ఒక్కరే ఆడే పొరపాటు మాత్రం చేయకండి, అందులో మీ చేతిలో మీరే ఓడిపోయే ప్రమాదముంది. నోటు పుస్తకం చివరి పేజీలో 'అపజయం ఎరుగని వీరుడు' అని రాసి, కింద మీ పేరు పెట్టుకోండి. సాక్షి సంతకం మీ అమ్మ చేత చేయించండి.