జీర్ణోద్ధరణమా, పునఃప్రతిష్ఠయా?

ఇనుము తుప్పుపట్టును, కొయ్యకు చెదలు పట్టును, మనుష్యునకు మోకాళ్లు పట్టును; ఇవి ప్రకృతిధర్మములు గనుక వీనినిగూర్చి ఎవరికిని ఫిర్యాదు లేదు. కాని చేతికి తగులనిదియు, ఒకట్లు సున్నల సమూహము తప్ప వేఱొక శరీరము లేనిదియు నగు ఆపరేటింగ్ సిస్టమునకు వార్ధక్యమెట్లు సంప్రాప్తమగునో నాకు చిరకాలము బోధపడలేదు. కొన్ననాడు దానియందు ఏ ఒకట్లుండెనో నేడును ఆ ఒకట్లే, ఆ సున్నలే యుండవలెను గదా? అయినను, ఒకప్పుడు నేను కుర్చీ సవరించుకొని కళ్లజోడు తుడుచుకొనునంతలో సిద్ధమై నిలుచుచుండిన నా విండోస్ 7, నేడు నేను మీట నొక్కి, స్నానము చేసి, కాఫీ త్రాగి, సంపాదకీయమును సైతము పూర్తిగా చదివి వచ్చినను, నాలుగు రంగుల గుర్తును వెలిగించుకొని యింకను బయలుదేరుచునే యుండును.

తెలిసినవారిని విచారింపగా తేలినదేమనగా, ముసలితనము దానిది కాదు, దాని సంసారముది. మనమొక ప్రోగ్రామును వేసినప్పుడు అది రిజిస్ట్రీ యనెడు దస్తావేజుల గదిలో తన పేరు, తన హక్కులు, తన అలవాట్లు వ్రాసికొనును. మనము దానిని తీసివేసినప్పుడు తాను వెడలునే కాని, పోవుచు ఆ వ్రాతను కొట్టివేసి పోవు మర్యాద చాల ప్రోగ్రాములకు లేదు. పైగా ప్రతి ప్రోగ్రామునకును కంప్యూటరు కన్ను తెఱచిన తక్షణమే తానును లేవవలెనను పట్టుదల. నేను పంచాంగము చూచుకొనుటకై వేసినదియు, మనుమడు ఒక దినము ఆడుకొనుటకై వేసినదియు, ఎవరును వేయకుండగనే మఱియొకదాని వెంట వచ్చి కూర్చున్నదియు, అన్నియు నొక్కసారిగా ఆ నాలుగు జీబీల మెమరీలోనికి త్రోసికొని ప్రవేశించుచుండగా, లోపల గిఱగిఱ తిరుగు డిస్కు ఎవరికని బదులు చెప్పగలదు?

ఇట్టి స్థితిలో మార్గములు రెండు. ఉన్నదానినే బాగుచేసికొనుట యొకటి. అంతయు తుడిచివేసి మొదటినుండి వేసికొనుట రెండవది. మా వీథి చివర కంప్యూటరు దుకాణపు కుర్రవాడు రెండవ మార్గమునకు ఆస్థానవిద్వాంసుడు. మానిటరు వెలుగకున్నను, మౌసు కదలకున్నను, కడకు ప్లగ్గు వదులైనను అతని మందొక్కటే. నేను వ్యాధిలక్షణములు ఆద్యంతము నివేదింపవలెనని ఉపక్రమించితినో లేదో, "ఫార్మాట్ కొట్టేద్దాం మాష్టారూ, ఫ్రెష్‌గా ఓఎస్ వేస్తే రెండు గంటల పని" అనెను. అమెరికానుండి మా అబ్బాయి, "పాతదాన్ని ఎన్నాళ్లు పట్టుకుని వేలాడతారు నాన్నగారూ, కొత్తది పంపిస్తాను" అని మూడవ మార్గమును సూచించెను. నా బావమఱది కుమారుడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, "అసలు విండోసే వద్దు మామయ్యా, ఉబుంటు వేసుకో" అని మతాంతరమునే బోధించెను. వీరందఱిలో నా కంప్యూటరుతో నిత్యము కాపురము చేయువాడొక్కడును లేడు.

నిజము చెప్పవలెనన్న వాదబలమంతయు వారి పక్షముననే యున్నది. 2009 అక్టోబరు 22న లోకావతరణము చేసిన విండోస్ 7నకు 2020 జనవరి 14తో పోషణ నిలిచిపోయినది. అటుపిమ్మట దానికి ఏ కీడు మూడినను మందు పంపు దిక్కు లేదు. దాని యనంతరము గద్దెనెక్కిన విండోస్ 10 సైతము 2025 అక్టోబరు 14న అదే దారి పట్టినది. ఇక విండోస్ 11 సంగతి యందురా, టీపీఎమ్ 2.0 యను రక్షణసాధనము లేని యంత్రములకు ప్రవేశము లేదని 2021లో వచ్చునప్పుడే ద్వారబంధమున వ్రాసి పెట్టినది గావున, మా యంత్రము ఆ గడప త్రొక్కజాలదు. ఇవన్నియు నేనెఱుగుదును. ఎఱిగియు చికిత్సకే పూనుకొంటిని.

చికిత్స కొఱకు మొదట ఎఫ్ 8 మీట నొక్కి సేఫ్ మోడ్ అను నిరాడంబరస్థితిలో యంత్రమును మేల్కొల్పవలెను. ఆ స్థితిలో అత్యవసరమగు పరివారము మాత్రమే లేచును. పిదప నల్లని తెరపై చెక్‌డిస్క్ అని ఆజ్ఞాపించిన, డిస్కులో చెడిన భాగములను వెదకును. ఆ వెనుక ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనవలెను. ఇది మహామంత్రము. సిస్టము ఫైళ్లనన్నిటిని తనయొద్ద దాచుకొన్న మూలప్రతులతో పోల్చి, చెడినవానిని మార్చును. నూటికి ఒకటి, రెండు, మూడు అని శాతములు లెక్కించుచు పోవు దాని నడకను నేను ఉత్కంఠతో చూచుచుంటిని. నూఱు శాతము చేరిన పిమ్మట అది వెల్లడించిన తీర్పు సారాంశమిది: చెడిన ఫైళ్లు కనుగొంటిని, కాని వానిలో కొన్నిటిని బాగుచేయజాలకపోతిని, వివరములకు సీబీఎస్ లాగును చూచుకొనుడు. ఇంతటి వినయముతో ఓటమి నంగీకరించిన విద్వాంసుని నేను నా ఉద్యోగకాలములో ఒక్కని చూడలేదు. ఆ లాగును తెఱచితిని. మహాభారతము దానికన్న పొట్టి యని తోచినది. అదియునుగాక, భారతములో ఎవరు చెడిరో తెలియును.

సిస్టమ్ రిస్టోర్ అని మఱియొక యుపాయము కలదు. మన పత్రములను ముట్టక, సిస్టమును గడచిన యొక తేదీనాటి స్థితికి తీసికొనిపోవును. ఆరోగ్యముగా నున్నకాలమునకు పోవచ్చునని నేను సంబరపడితిని. కాని దానికి కేటాయించిన చోటు చాలనప్పుడు పాత గుర్తులను తానే చెఱిపివేసికొనునట. మిగిలియున్నది గత వారపు గుర్తొక్కటే. అనగా నన్ను యౌవనమునకు కాక, ఇంచుక తక్కువ ముసలితనమునకు చేర్చుటకు మాత్రమే అది సిద్ధముగా నున్నది.

ఈ రుగ్మతలలో నాకు మిక్కిలి పరిచితమైన దొకటి కలదు. మా యింట నొకప్పుడొక ప్రింటరుండెను. దాని సిరా ఖరీదు దాని ఖరీదుతో పోటీపడ నారంభించిన శుభముహూర్తమున దానిని పాత సామానులవానికి తూచి యిచ్చివేసితిమి. అది వెడలి యేండ్లు గడచినవి. అయినను ప్రతి యుదయమును కంప్యూటరు లేవగనే, ఆ ప్రింటరు తాలూకు ప్రోగ్రామొకటి తానును లేచి, యిల్లెల్ల వెదకి, తనవారిని గానక, తెర నడుమ చిన్న పెట్టె నొకదానిని తెఱచి, మాడ్యూలు దొరకలేదని నాకు నివేదించి, నేను 'ఓకే' యనువఱకు కదలక నిలుచును. నేను ఓకే యందును. ఏమి ఓకేయో నాకును తెలియదు, దానికిని తెలియదు. రెండవనాడు మరల వచ్చును.

"ఇవన్నీ ఫార్మాట్‌తో పోతాయి మాష్టారూ" అని కుర్రవాడు మఱల ననెను. పోవుననియే నా భయము. ఏమేమి పోవునో తెలిసిన భయము లేకపోవును.

దేవాలయము జీర్ణమైనప్పుడు మన పెద్దలు పాటించిన పద్ధతి యెంత సుందరమైనది! మూలమూర్తి కళను మంత్రపూర్వకముగా ఆకర్షించి, బాలాలయమున నిలిపి, అచట నిత్యపూజలు జరుపుచు, గర్భాలయమును బాగుచేసికొని, పిమ్మట కళను స్వస్థానమునకు చేర్తురు. యాదగిరిగుట్టలో స్వామివారు ఇంచుమించు ఆఱేండ్లు బాలాలయముననే కొలువై, 2022 మార్చి 28న నూతనాలయమున దర్శనమిచ్చిరి. ఇన్నేండ్లును ఆరాధనకు లోపము రాలేదు. కుర్రవాడు చేతబట్టుకొని వచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు సరిగా నట్టి బాలాలయమే. కాని అర్చకస్వామికి కళ యెచట నున్నదో తెలియును. "ఏమేం కావాలో చెప్పండి, కాపీ చేస్తాను" అని కుర్రవాడడిగినప్పుడు, నా కంప్యూటరు ప్రాణమెచట నున్నదో నాకు తెలియదని తెలిసినది.

పత్రములన్నియు డీ డ్రైవులో నున్నవి, సరే. కాని డెస్క్‌టాపుపై పఱచియున్న సామగ్రి యంతయు నిజముగా సీ డ్రైవులోనిదే. ఫార్మాట్ అనునది తుడుచునదియు ఆ సీ డ్రైవునే. వర్డులో 'ఆటో కరెక్ట్' పట్టికయని యొకటి కలదు. నేను రెండక్షరములు కొట్టిన పూర్తి సమాసమును వేయునట్లు ఏండ్ల తరబడి నేర్పుకొన్నది. అది యాప్‌డేటా యను కనిపించని ఫోల్డరులో నెచటనో దాగియుండునట. అన్నిటికిని మించినది ఫాంటుల సంగతి. యూనికోడు వచ్చి 'క' యను నక్షరమునకు 0C15 అని శాశ్వతమైన ఇంటి నంబరిచ్చిన మాట వాస్తవమే. కాని నా పాత వ్యాసములన్నియు 'అను' యను పేరుగల ఫాంటులలో, పేజీమేకరులో కూర్చబడినవి. ఆ ఏర్పాటులో తెలుగక్షరములకు స్వంతగృహములు లేవు, రోమను అక్షరముల యిండ్లలో అద్దెకుండును. ఫాంటు ఉన్నంతవఱకు తెరపై శుద్ధమైన తెలుగు. ఫాంటు లేని మఱుక్షణము తెలుగు ఖాళీచేసి పోవగా, నెత్తిన కొమ్ములు, మెడక్రింద తోకలు గల పరదేశపు అక్షరములు గుమ్మములలో నిలుచుండి చూచును. నన్నయమీద నేను వ్రాసిన వ్యాసమును ఒకనాడు బంధువుల కంప్యూటరులో తెఱచి, అట్టి రూపమున దర్శించి, నిలువునా నీరైతిని. ఉబుంటు వేసికొమ్మన్న మేనల్లునికి ఈ మాట చెప్పగా, "అవన్నీ కన్వర్ట్ చేసేసుకోవచ్చు మామయ్యా" అనెను. మార్చుకొనవచ్చును, పిమ్మట అఱసున్నలెచట పోయినవో, వత్తులెవరిక్రింద చేరినవో ఒక్కొక్క పుటయు దిద్దుకొనవలసినది మాత్రము మామయ్యయే.

ఈ చర్చ జరుగుచుండగా మా యావిడ వంటయింటినుండి వచ్చి, "ఏమండీ, దాంట్లో మన అమ్మాయి పెళ్లి చదివింపుల లెక్కుంది. అది గనక పోయిందంటే ఎవరికి ఎంత పెట్టాలో నాకు తెలీదు, రేపు పెళ్లిళ్లకి మీరే వెళ్లి మాట పడండి" అని తీర్పు చెప్పెను. ఆ లెక్క ఎక్సెలులో నున్నది. ఎవరు పట్టుచీర పెట్టిరో, ఎవరు కవరులో ఎంతయుంచిరో, ఎవరు భోజనము మాత్రమే చేసి వెడలిరో సర్వమును అందు వివరముగా నున్నది. బంధుత్వములన్నియు ఆ యొక్క ఫైలుపై నిలిచియుండగా రెండు గంటల పనికి నేనెట్లు సమ్మతింతును?

మఱియు, క్రొత్తగా వేసికొన్నవారు సుఖపడిరా? మా యెదురింటి విశ్రాంత తహసీలుదారుగారు నిరుడు ఫార్మాట్ చేయించిరి. మొదటివారము వారు నడవలో నిలిచి దాని వేగమును వచ్చిపోవువారికందఱికిని వర్ణించిరి. పిదప తమ చదరంగము, తమ జాతకచక్రము, తమ భక్తిగీతముల సంచయము, వానివెంట వచ్చు పరివారము, అన్నిటిని యథాస్థానములలో మరల వేసికొనిరి. ఇప్పుడు వారి యంత్రమును నా యంత్రమును ఉదయమున నొకే వేగముతో లేచుచున్నవి. మనుష్యుడు మారక సిస్టమును మార్చిన ఫలమంతవఱకే.

కుర్రవాడు తుదకు మూత విప్పి, లోపలి డిస్కును పరికించి, "అసలు ఇది పాత రకం మాష్టారూ, తిరిగేది. ఎస్ఎస్‌డీ వేద్దాం" అనెను. ఎస్ఎస్‌డీలో తిరుగునది, కదలునది ఏదియు లేదు. వెదకిన చోటికి ముల్లు నడచిపోవలసిన పని లేదు గనుక చదువుట మిక్కిలి త్వరితము. ఉన్నదంతయు ఉన్నట్లే అందులోనికి దింపవచ్చునా యని యడిగితిని. "క్లోన్ కొట్టొచ్చు. కానీ రోగాలు కూడా వచ్చేస్తాయి" అని అతడు సంశయించెను. రానిమ్మంటిని. నా జీవితములో నాకింత తృప్తినిచ్చిన నిర్ణయములు కొన్నియే. ఫాంటులు, పట్టిక, చదివింపులు, అక్షరము తప్పకుండ క్రొత్త డిస్కులోనికి వచ్చినవి. ఇదివఱకు నేను కాఫీ ముగించినపిమ్మట వచ్చుచుండిన ప్రింటరువారి పెట్టె, ఇప్పుడు నేను కుర్చీలో కూర్చుండకమున్నే వచ్చి నిలుచుచున్నది.

"ఎందుకైనా మంచిది, ఆ లెక్క ఒకసారి కాగితం మీద తీసివ్వండి" అని మా యావిడ అదను చూచి యడిగెను. న్యాయమైన కోరిక. ప్రింటరు లేదు గనుక ఫైలును పెన్ డ్రైవులో వేసికొని జిరాక్సు దుకాణమునకు పోయి, వారి కంప్యూటరులో పెట్టించి, పుటలు తీయించి, ఇంటికి వచ్చి మఱల పెన్ డ్రైవు తెఱచి చూతునుగదా, ఫోల్డర్లన్నియు మూలలయందు చిన్న బాణపుగుర్తులు ధరించిన షార్ట్‌కట్లై కూర్చున్నవి. వెంటనే కుర్రవానికి ఫోను చేసితిని. నేను జిరాక్సు దుకాణమువఱకు వచ్చితినో లేదో, "ఫార్మాట్ కొట్టేద్దాం మాష్టారూ" అనెను.

దేనికి నాయనా, అని అడిగితిని.