160 క్రెడిట్లలో 12 రోజులు

సినిమాకి డిగ్రీ ఎందుకని అడిగేవాళ్లలో నేను లేను. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ముసలి ఎడిటరు సినిమా చదువుల గురించి నోరు విప్పాడంటే, "మేమేం డిగ్రీలు చదివి వచ్చాం?" అని మొదలుపెడతాడని పిల్లలు ముందే చెవులు మూసుకుంటారు. చదువుకోండి. నాలుగేళ్లు కాకపోతే ఆరేళ్లు చదువుకోండి. నా కోపమంతా ఆ డిగ్రీ చేతికివ్వడానికి మీ చేత ఏం చేయిస్తున్నారో, ఏం చేయించకుండా వదిలేస్తున్నారో దాని మీద.

మొన్న వేసవిలో మా చెల్లెలి కూతురు నాలుగైదు కాలేజీల వివరాల పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కొడుకు ఇంటర్ అయ్యాడు, సినిమా కోర్సే కావాలంటున్నాడు, కాస్త చూసి చెప్పు మావయ్యా అంది. కళ్లజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివాను. ఇంటర్ పాసై ఉండాలి. కొన్నిచోట్ల కెమెరాకీ సౌండుకీ ఫిజిక్స్ చదివి ఉండాలి. సబబే, లెన్సు సంగతి తెలియకుండా కెమెరా ఎలా పట్టుకుంటాడు? హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీకి వెళ్లాలంటే ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో బొమ్మ వేయించి చూస్తారు. చాలా సంతోషించాను. మద్రాసు తరమణిలో మా కాలంలో డిప్లొమా ఇచ్చిన ప్రభుత్వ సంస్థ ఇప్పుడు నాలుగేళ్ల బీవీఏ డిగ్రీ ఇస్తోంది. అన్నపూర్ణ స్టూడియో వాళ్లు 2011లో మొదలుపెట్టిన కాలేజీ ఉండనే ఉంది. ఇంటి దగ్గర ఉండి సినిమా డిగ్రీ చదవగలగడం మా తరానికి కలలో కూడా లేదు. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్షన్‌కి దరఖాస్తు పెట్టాలన్నా ముందు ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉండాలి. మూడేళ్లు చదివాక వాళ్లు ఇస్తూ వచ్చింది డిప్లొమా.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత క్రెడిట్ల పేజీ వచ్చింది.

2022 డిసెంబరులో యూజీసీ డిగ్రీ చదువులకి కొత్త చట్రం ఒకటి ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. పాఠానికైతే 15 గంటలకి ఒక క్రెడిట్, చేత్తో చేసే పనికైతే 30 గంటలకి ఒకటి. ఆ 160లో బయట ఎక్కడన్నా పనిచేసి నేర్చుకోవడానికి తప్పనిసరిగా ఇచ్చినవి రెండు నుంచి నాలుగు. ఎక్కువే అనుకుని నాలుగూ వేసుకుందాం. 120 గంటలు. షూటింగులో రోజుకి పది గంటలు మామూలు. అంటే పన్నెండు రోజులు! నాలుగేళ్లు చదివి సినిమా పట్టభద్రుడయ్యే పిల్లవాడు వేరొకరి సినిమాకి పనిచేసి తీరాల్సింది పన్నెండే రోజులు. మిగతా కాలమంతా తన సినిమా, తన క్లాసువాళ్ల సినిమా, వాటి మీద తన మాస్టార్ల మార్కులు.

మా రోజుల్లో మద్రాసు కోడంబాకంలో ఎడిటింగ్ రూములో చేరినవాడికి మొదటి ఏడాది కత్తెర ముట్టనిచ్చేవారు కాదు. ల్యాబ్ నుంచి వచ్చిన రష్‌ప్రింట్ (ఎడిటింగుకి వాడే ప్రింటు) డబ్బాలు మోసుకురావడం, క్లాప్ నంబరు చూసి చిట్టా రాయడం, పిక్చరుకీ సౌండుకీ సింకు కలపడం, తీసేసిన ముక్కల్ని నంబర్ల వారీగా కొక్కేలకి తగిలించడం. ముప్పై అయిదు ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24, నిమిషానికి 90 అడుగులు. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. మూడు ఫ్రేముల ముక్క ఒకటి కనబడకపోతే రూములో అందరం బల్లల కింద మోకాళ్ల మీద వెతికేవాళ్లం. "మూడు ఫ్రేములే కదా సార్" అని నోరు జారాడో కుర్రాడు ఒకసారి. గురువుగారు వాణ్ణి తిట్టలేదు. ఆ మూడు ఫ్రేములూ దొరికాక మూవియోలా యంత్రం మీద వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి ఆ షాటు వేసి చూపించారు. హీరోయిన్ రెప్ప వాల్చడం ఆ మూడు ఫ్రేముల్లోనే ఉంది.

అక్కడ దేనికైనా వెనక్కి తిరగడమంటూ ఉండేది కాదు. రష్‌ప్రింట్ మీద ఎన్నిసార్లయినా మార్చుకో, అతికించుకో. నెగెటివ్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారే. అతుకు వెయ్యాలంటే పక్క ఫ్రేము బలి కావాల్సిందే, కోసిన చోట మళ్లీ మొదట్లా కలపడం కుదరదు. అందుకని కొయ్యకముందే ఆలోచించడం మాకు ఒంట్లో భాగమైపోయింది. సెట్టు మీదా అంతే. వెయ్యి అడుగుల రోలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. అది విదేశాల నుంచి రావాలి, కలరైతే మరీ కరువు. రిహార్సల్ పూర్తిగా కుదిరితేనే కెమెరా తిరిగేది. దర్శకుడు కె.వి.రెడ్డిగారు స్టాప్‌వాచీ పెట్టుకుని సీను నిడివి షూటింగుకి ముందే కట్టేసేవారని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతుంటే విన్నాం. సినిమా మొత్తాన్ని తియ్యకముందే మనసులో చూడగలగాలి, అప్పుడే ఆ లెక్క సాధ్యం.

ఇప్పుడు మెమరీ కార్డులో ఎంతైనా పడుతుంది. పడనివ్వండి, ఖర్చు తగ్గడం పేదవాడికి మేలే. కానీ రీలు ఖరీదు మాకు నేర్పిన పాఠం సిలబస్‌లో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా? ఆ మధ్య ఒక కాలేజీవాళ్లు ఆఖరి సంవత్సరం సినిమాలు చూసి మార్కులు వెయ్యమని పిలిచారు. ఎనిమిది నిమిషాల సినిమా ఒకటి. తీసిన పిల్లవాడు తెలివైనవాడు, మొహంలోనే తెలుస్తోంది. ఈ సీను ఇన్ని వైపుల నుంచి ఎందుకు తీశావు నాయనా అంటే, "ఏదో ఒకటి పనికొస్తుందని సర్" అన్నాడు. అన్నీ చూసుకున్నావా అని అడిగాను. చూసుకోలేదు. తన సొంత రష్ తను పూర్తిగా చూసుకోలేదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాకు రష్ చూడటమంటే ప్రివ్యూ థియేటర్లో దర్శకుడి నుంచి లైట్‌బాయ్ వరకూ కూర్చుని, చేసిన తప్పు అందరి ముందూ తెర మీద నిలువెత్తున కనిపించడం. ఆ తప్పు మర్నాడు చెయ్యం.

దీనికి మందు కష్టమైంది కాదు. పూనాలో ఫిల్ము మీద తీసే రోజుల్లో విద్యార్థికి ఇన్ని అడుగులని కేటాయించేవారు, అందులోనే తియ్యాలి. ఆ నియమాన్నే డిజిటల్‌కి పెట్టొచ్చు. ఎనిమిది నిమిషాల సినిమాకి నలభై నిమిషాల ఫుటేజీ దాటితే సినిమా వాపసు. తీసిందంతా పెద్ద తెర మీద క్లాసు మొత్తం కూర్చుని చూడాలి. అది చూశాకే ఎడిటింగ్ కంప్యూటర్ గది తాళం ఇవ్వాలి.

చూడటమంటే ఇంకో సంగతి. 1964లో పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు, పి.కె.నాయర్‌గారు ఊరూరా తిరిగి రీళ్లు పోగుచేశారు. ఆర్కైవ్ పక్కనే ఉండబట్టి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పిల్లలు సాయంత్రాలు థియేటర్లో కూర్చుని దేశదేశాల సినిమాలు చూశారు. సెంథిల్ కుమార్ ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే కెమెరా చదువుకుని వచ్చి 'బాహుబలి'కి కెమెరామన్‌గా పనిచేశాడు. మన తెలుగు డిగ్రీ పిల్లలకి తెలుగు సినిమా చరిత్ర ఒక పేపరు. రఘుపతి వెంకయ్య, ప్రకాష్, 1921, 'భీష్మ ప్రతిజ్ఞ' అని బట్టీ పట్టి రాస్తారు. ఆ సినిమా ఇప్పుడు చూద్దామన్నా లేదు. పోయినవాటికి ఏడవగలం, అంతే. ఉన్నవాటి సంగతి చెప్పండి. 'మాయాబజార్'ని ఫోనులో ముక్కలు ముక్కలుగా చూసి, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే లైటింగు మీద పది మార్కుల ప్రశ్నకి జవాబు రాస్తున్నారు. ఆ సినిమాలో వెన్నెల వెలుతురు అరచేతిలో ఏం కనిపిస్తుంది? డిగ్రీకి ఇన్ని సినిమాలు చీకటి హాల్లో, మధ్యలో లేవకుండా చూడాలని నియమం పెడితే ఏ యూనివర్సిటీ వద్దంటుంది?

భాష గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మా కాలంలో అసిస్టెంటు డైరెక్టరు డైలాగు వెర్షన్ కార్బన్ పెట్టి నాలుగైదు కాపీలు రాసేవాడు. రాయగా రాయగా మాట ఎక్కడ విరుగుతుందో, నటుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వేళ్లకే తెలిసిపోయేది. ఇప్పుడు పిల్లలు తెచ్చే స్క్రిప్టుల్లో తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటున్నాయి. పాత్ర గోదావరి మనిషో, పాలమూరు మనిషో కాగితం మీద తెలియదు. యూజీసీ చట్రంలోనే భాషకి ఎనిమిది క్రెడిట్లున్నాయి. వాటిని తెలుగు డైలాగు రాయడానికి, గట్టిగా చదివి వినిపించడానికి వాడుకోవచ్చు. ఎవరూ అడ్డుపడరు.

మా రోజులన్నీ బంగారమని నేననను. అసలు ఆ గుమ్మం ఎవరికి తెరిచి ఉండేది? ఎవరో ఒకరు తెలిసి ఉండాలి, చుట్టరికమో ఊరివాడో ఉత్తరం రాసివ్వాలి. జీతమంటూ లేక బత్తా మీద ఏళ్లు గడిపినవాళ్లున్నారు. ఇంట్లో తిండికి ఉన్నవాడే నిలబడగలిగాడు, లేనివాడు ఎంత పనిమంతుడైనా రైలెక్కి వెనక్కి వెళ్లిపోయాడు. ఇక ఆడపిల్లల మాట. భానుమతిగారు 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు, సావిత్రిగారు 1968లో 'చిన్నారి పాపలు' తీశారు. వాళ్లు అప్పటికే మహానటులు. ఏ పేరూ లేని అమ్మాయి ఒకతె నేను ఎడిటింగ్ నేర్చుకుంటానని మా రూముకి వస్తే కూర్చోమని కుర్చీ వేసేవాళ్లు కూడా లేరు. ఇవాళ కరీంనగర్ నుంచో, పాడేరు నుంచో ఒక అమ్మాయి పరీక్ష రాసి, సీటు తెచ్చుకుని, కెమెరా భుజానికెత్తుకోవచ్చు. డిగ్రీ చేసిన గొప్ప పని ఇది, దీనికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. అందుకే ఆ డిగ్రీ బరువుగా ఉండాలని నా ఆరాటం. సినిమావాళ్ల కొడుక్కి డిగ్రీలో నేర్పనిది ఇంట్లో దొరుకుతుంది. ఆ అమ్మాయికి కాలేజీలో దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

అన్నిటికంటే ముఖ్యంగా దొరకాల్సింది మరొకరి సినిమాకి చాకిరీ. దర్శకుడు కె.విశ్వనాథ్‌గారు గుంటూరులో బీయస్సీ చదివి వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో చేరారు. ఆ తర్వాత ఆదుర్తి సుబ్బారావుగారి దగ్గర పనిచేశారు. దర్శకుడిగా తొలి సినిమా చేతికొచ్చేటప్పటికి ఎందరి గొంతులు విన్నారో, ఎందరి సీన్లు మోశారో. రాజమౌళి మొదట కోటగిరి వెంకటేశ్వరరావుగారి ఎడిటింగ్ రూములో అప్రెంటిస్. ఇతరులు తీసినదాన్ని కత్తిరించే చోట కూర్చుంటే ఏ షాటు లేకపోవడం వల్ల సీను కుంటుతోందో తెలుస్తుంది. తన సినిమాలో అది తెలియదు, ఎందుకంటే లేని షాటుని కూడా మనసు నింపేసుకుంటుంది. పైగా అక్కడ నీ పొరపాటుకి మరొకరి డబ్బు పోతుంది, మరొకరి పేరు చెడుతుంది. ఆ భయం ఏ ల్యాబ్ ప్రాక్టికల్లోనూ పుట్టదు.

ఈ మాట చెబితే కాలేజీల్లో ఒకటే జవాబు. సినిమా షెడ్యూళ్లు సెమిస్టర్లకి కలవవు సర్, హాజరు లెక్క ఎలా వెయ్యాలి, ఎవరు సంతకం పెట్టాలి అంటారు. ఎడిటరు సంతకం పెడతాడు. మా యూనియన్ కార్డుకి అదే చెల్లింది, ఇన్ని సినిమాలకి పనిచేశాడని గురువు రాసిస్తే కమిటీ పిలిచి ప్రశ్నలు వేసి ఇచ్చేది. ఎంబీబీఎస్ పిల్లలు ఏడాది పాటు ఆసుపత్రిలో పనిచేస్తేగాని డాక్టర్లు కారు. వ్యవసాయం బీయస్సీ చదివేవాళ్లని ఒక సెమిస్టరు పల్లెలకి పంపి రైతుల దగ్గర ఉంచుతున్నారు. వాన ఎప్పుడు పడుతుందో కూడా సెమిస్టరుకి కలవదు, అయినా పంపుతున్నారు. సినిమా పిల్లలకీ అలాగే ఒక పూర్తి సెమిస్టరు ఇవ్వండి, 20 క్రెడిట్లు పెట్టండి, షూటింగు మొదటి రోజు నుంచి ఫస్ట్ కాపీ దాకా ఒకే సినిమాతో ఉండనివ్వండి, టైటిల్స్‌లో అప్రెంటిస్‌గా పేరు వేయించండి. అది ఎందుకు కుదరదో నాకు ఇప్పటిదాకా ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు.