అఫ్జల్‌గంజ్ బల్ల మీద నేను

నేను మైటోకాండ్రియాన్ని. పాతబస్తీ చార్‌కమాన్ చుట్టుపక్కల తిరిగే ఓ ఊరకుక్క గుండె కండరంలో, ఒకానొక కణంలో నా కాపురం. వేలమంది తోబుట్టువులం వరసల్లో ఇరుక్కుని, రక్తం తెచ్చే ఆక్సిజన్‌తో ఏటీపీ అనే ఇంధనం చేసి గుండెకు అందించేవాళ్లం. 1889లో మా కుక్కను పట్టుకుపోయి బల్ల ఎక్కించారు.

అది హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ప్రయోగాల బల్ల. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీది ఒకటే పట్టు: క్లోరోఫాం మత్తులో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు. నాడి సంగతి వదిలి శ్వాసను చూడండి అనేవాడు. 1888 నాటి మొదటి కమిషన్ మాట లండన్‌లో చెల్లలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిచ్చాడు, లాన్సెట్ పత్రిక డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. డబ్బు నిజాందీ, పంతం డాక్టర్లదీ, ప్రాణం మాదీ.

మా కుక్కకు ముందు ఊపిరే ఆగింది. గుండె ఇంకాసేపు కొట్టుకుంది. అయితే ముందేది ఆగినా నాదాకా వచ్చే కబురు ఒకటే: ఆక్సిజన్ రాదు. నా గురించి ఆ గదిలో ఎవరికీ తెలియదు. కార్ల్ బెండా నాకు పేరు పెట్టిందే 1898లో.

ఆక్సిజన్ లేక నా ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పొర మీది విద్యుత్తును కాపాడుకోవడానికి, ఏటీపీ చేసే యంత్రమే వెనక్కి తిరిగి ఏటీపీని ఖర్చుపెట్టసాగింది. విత్తనాల వడ్లు దంచుకు తినడమే అది.

ఇక నా పొరుగు. కాల్షియం దాచుకునే రెటిక్యులం నాకు కొన్ని పదుల నానోమీటర్ల దూరంలోనే ఉంటుంది. మా ఇద్దర్నీ ప్రొటీన్లు కట్టి ఉంచుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా రెటిక్యులం వదిలే కాల్షియంలో కాస్త నాకు చేరుతుంది, పని పెంచమని. ఏటీపీ కరువయ్యాక అది వదిలిన కాల్షియాన్ని తిరిగి లాక్కోలేకపోయింది, అంతా నా గుమ్మంలో పోగుపడింది. ఈ కరువు గంటల తరబడి సాగితే ఆ సరిహద్దులోనే ఫండ్‌సీ1 అనే ప్రొటీన్ చేరి, డీఆర్పీ1 అనే మరో ప్రొటీన్‌ను రప్పించి మమ్మల్ని ముక్కలు చేయిస్తుందట, ఆ ముక్కల్ని కణమే జీర్ణం చేసుకుంటుందట. నాకేం కోపం లేదు. చెడిన మాలాంటివాళ్లను ఉంచుకుంటే కణానికే చేటు.

కృత్రిమ శ్వాస ఇచ్చారు. గాలి తిరిగొచ్చింది. డాక్టర్లు తేలికపడ్డారు గానీ నా గండం అప్పుడే మొదలైంది. ఆక్సిజన్ లేనప్పుడు నాలో పేరుకున్న సక్సినేట్ ఒక్కసారిగా మండి, ఎలక్ట్రాన్లు ఎదురు నడిచి, ఆక్సిజన్ రాడికల్స్ చిమ్మాయి. గుమ్మంలోని కాల్షియం లోపలికి తోసుకొచ్చింది. ఆ రెండూ కలిసి లోపలి పొరలో రంధ్రాలు తెరిచాయి. నా వరసలో కొందరు ఉబ్బి పగిలారు. నా పొర నిలిచింది.

బ్రంటన్ లారీ పక్షాన చేరి ఇంటికెళ్లాడు. కానీ 1911లో లెవీ అనే ఆయన, తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే పిల్లుల గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోతుందని చూపించాడు. ఈసారి బల్ల ఎక్కినవి పిల్లులు.